మండువా లోగిలి: వరి పంట చుట్టూ అల్లుకున్న కలప చట్రం

తెలుగు చలనచిత్రంలో పల్లెటూరి పెద్దిల్లు అనగానే ప్రేక్షకుని కంటికి కనిపించే రూపం దాదాపు ఒక్కటే. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుల కప్పు, నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ నున్నని టేకు స్తంభాలు, ఒక మూల ఉయ్యాల బల్ల. మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాదుకు తరలివచ్చి, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దానికి నివాసమైన తరువాత, ఈ ఇంటి కోసం గోదావరి జిల్లాలకు వెళ్ళడంతో పాటు నగరంలోనే దానిని సెట్టుగా నిలబెట్టడం కూడా పరిపాటి అయినది. 2018లో విడుదలైన రంగస్థలం చిత్రానికి 1980ల నాటి గోదావరి పల్లెను హైదరాబాదులోనే నిర్మించారు. కళాదర్శకుల పనితనాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కెమెరాకు కావలసిన దానిని వారు చక్కగా సమకూర్చగలరు. అయితే నేడు వ్యవసాయ కళాశాలలో చేరుతున్న విద్యార్థులలో అనేకులకు మండువా ఇంటితో పరిచయం తెర మీదనే కలుగుతున్నది. తెర మీద గాదె కనిపించదు. అటక మీది దూలాలు, పశువుల సావిడి, కళ్ళం నుంచి బండి వచ్చే పెరటి దారి కనిపించవు.

వ్యవసాయ శాస్త్రవేత్త దృష్టితో చూచినప్పుడు ఈ ఇల్లు ప్రధానంగా వరి పంటను కోత తరువాత ఏడాది పొడవునా కాపాడడానికి ఏర్పడిన కట్టడం. మనుషులు కూడా అందులోనే నివసించారు. స్తంభం ఎంత లావు ఉండాలి, దూలం ఎంత దూరం సాగాలి, ఏ గది ఎక్కడ ఉండాలి అనే నిర్ణయాలలో అనేకం ధాన్యం బరువును, తేమను, ఎలుకను దృష్టిలో ఉంచుకొని చేసినవి. ఈ సంగతి నమోదు కాకముందే ఇళ్ళు విప్పుడు పడుతున్నాయి.

చట్రం నిలిచే తీరు

మండువా లోగిలి గోదావరి, కృష్ణా డెల్టాలలోని సంపన్న రైతు కుటుంబాల ఇల్లు. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, తరువాత 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపై వచ్చిన ఆనకట్ట డెల్టా భూములను నమ్మకమైన మాగాణులుగా మార్చాయి. పెద్ద లోగిళ్ళ వెనుక ఉన్నది ఆ మాగాణి రాబడే.

వెలుపలి గోడలు మట్టితోనో ఇటుకతోనో మందంగా లేపుతారు. లోపల మండువా చుట్టూ స్తంభాల వరుస ఉంటుంది. స్తంభాల తలలపై దూలాలు, దూలాలపై వాసాలు, వాసాలపై రీపర్లు, వాటిపై పెంకులు. కొప్పు నుంచి ఒక వాలు వీధి వైపునకు, మరొక వాలు మండువా వైపునకు దిగుతాయి. వెలుపలి వాలును గోడ మోస్తుంది, లోపలి వాలును స్తంభాలు మోస్తాయి. కాబట్టి దీనిని పూర్తి కలప చట్రం అనలేము. సగం చట్రం, సగం గోడ అనడం సరైనది.

అతుకులలో ఇనుము పాత్ర స్వల్పం. ఒక దుంగ కొసను చెక్కి కుసిగా చేస్తారు. మరొక దుంగలో తొలిచిన గాడిలో ఆ కుసిని కూర్చోబెట్టి, అడ్డంగా కర్రమేకు కొడతారు. గాలివానకు ఇల్లు కదిలినా ఇటువంటి అతుకు కొద్దిగా ఆడి మళ్ళీ కుదురుకుంటుంది. మేకుతో బిగించిన అతుకు పట్టు వదులుతుంది. స్తంభాన్ని నేలలో పాతరు. రాతి దిమ్మ మీద నిలబెడతారు. నేలలోని తేమ కలపలోకి ఎక్కకుండా, చెదలు మట్టి గూడు కట్టుకొని పైకి పాకితే కంటికి కనబడేటట్లు చేసే ఏర్పాటు ఇది. ఇంటి అరుగును వీధి మట్టం కంటే ఎత్తు చేయడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు, డెల్టాలో వరద నీరు కూడా కారణం.

లోపలి వాలులు కలిసే నాలుగు మూలలు ఈ కప్పుకు బలహీనమైన చోట్లు. రెండు వాలుల నీరు ఒకే మూలలోకి చేరుతుంది. అక్కడ రేకు పరచకపోతే కింది మూలవాసం ముందుగా చీకుతుంది. పాత ఇంటి పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలి అని విద్యార్థి అడిగితే నా సమాధానం మూలవాసమే. మండువాలో పడిన నీరు గచ్చు వాలున తూములోకి చేరి పెరటికి పోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. లోపలి వాలు 150 చదరపు మీటర్లు ఉన్న ఇంటి మీద ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,50,000 లీటర్లు మండువా గుండా వెళ్ళవలసినదే. తూము పరిమాణం, గచ్చు వాలు ఎందుకంత జాగ్రత్తగా ఉంటాయో ఈ లెక్క చెబుతుంది.

కలప వచ్చిన దారి

గోదావరి ఎగువ అడవుల టేకు దుంగలను తెప్పలుగా కట్టి నదిలో వదిలి, రాజమహేంద్రవరం వరకు తెచ్చేవారు. తీర ప్రాంతానికి బర్మా టేకు సముద్రం మీద కూడా వచ్చినది. ఇక్కడ ఒక వృక్షశాస్త్ర విశేషం ఉన్నది. పచ్చి టేకు నీటిలో తేలదు. అందుచేత బర్మా అడవులలో చెట్టు మొదట చుట్టూ బెరడును, దాని కింది రసదారువును వలయంగా నరికి, రెండు మూడు సంవత్సరాలు నిలబెట్టి ఎండనిచ్చిన తరువాతనే కొట్టేవారు. అంటే తేలడం కోసం చేసిన పని కలపను సిద్ధం కూడా చేసినది. వడ్రంగి చేతికి వచ్చేసరికి దుంగ ముడుచుకోవలసినంత ముడుచుకొని ఉంటుంది. టేకులోని టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదలకు గిట్టవు.

అన్ని ఇళ్ళకూ టేకు అందలేదు. మధ్యతరగతి రైతు ఇంట్లో ద్వారబంధం, మండువా స్తంభాలు మాత్రమే టేకు, వాసాలు తాటివి. తాటి కాండంలో వెలుపలి భాగం గట్టిది, నడిమి భాగం మెత్తని దూది వంటిది. ముదురు చెట్టును నిలువుగా చీల్చి, మెత్తని భాగాన్ని తొలగించి వాసాలు తీస్తారు. పొలం గట్టు మీది చెట్టే ఇంటి కప్పు అవుతుంది. వ్యవసాయ అటవీ విధానం అని మనం తరగతిలో చెప్పే విషయానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అవసరం లేదు.

ఓక్ చట్రంతో పోలిక

కలప చట్రపు రైతు ఇంటిని శాస్త్రంగా అధ్యయనం చేసిన దేశాలలో ఇంగ్లండు ముందున్నది కనుక అక్కడి పద్ధతిని తెలుసుకోవడం ఉపయోగకరం. ఆగ్నేయ ఇంగ్లండులో 15వ శతాబ్దపు సంపన్న రైతులు ఓక్ దుంగలతో నిలువు, అడ్డు చట్రం నిలిపి, మధ్య ఖాళీలలో సన్నని కొమ్మల తడిక అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. తడిక గోడకు మట్టి, పేడ మెత్తడం మన పల్లెలకు కొత్త కాదు. తేడా ఓక్‌లో ఉన్నది. దానిని పచ్చిగానే చెక్కి అమర్చేవారు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు. నిలబెట్టిన తరువాత చట్రం ఎండుతూ, ముడుచుకుంటూ, కొద్దిగా వంకరలు పోతూ అతుకులను బిగించుకుంటుంది. పాత ఆంగ్ల ఇళ్ళలో కనిపించే వంపులు అనేకం అలా వచ్చినవే. ఎండిన టేకుతో కట్టిన మన స్తంభాలు మాత్రం తాడు పట్టినట్లు నిటారుగా నిలుస్తాయి.

ఆ ఇంటి నడిమి పెద్ద గది కప్పు వరకు తెరిచి ఉండేది. నేల మధ్యలో నెగడు, పొగ పైకప్పులో నుంచి బయటికి పోవడం. మనకు నడుమ వాన దిగినది, వారికి నడుమ పొగ ఎక్కినది. ధాన్యానికి వారు వేరే కట్టడాలు కట్టారు. ఎసెక్స్‌లోని క్రెస్సింగ్ టెంపుల్ వద్ద 13వ శతాబ్దంలో కట్టిన బార్లీ కొట్టం, గోధుమ కొట్టం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. తరువాతి కాలపు ధాన్యాగారాలను పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద నిలిపారు. నిలువు రాయి ఎక్కిన ఎలుక పైనున్న గొడుగు రాయిని దాటలేదు.

వారి పద్ధతిలో మనం ముఖ్యంగా గమనించవలసినది ఇళ్ళను కాపాడిన తీరు. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ ప్రాంతంలో 15వ శతాబ్దం తొలి భాగంలో కట్టిన బేలీఫ్ అనే రైతు ఇల్లు బౌ బీచ్ జలాశయం ముంపులో పడవలసి ఉండగా, 1968-69లో దానిని దుంగ దుంగగా విప్పి, ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ బహిరంగ ప్రదర్శనశాలలో తిరిగి నిలిపారు. మన శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. నాగార్జునకొండ కట్టడాలను కూడా తరలించారు. ఇవి గొప్ప పనులు. ఆ ముంపు గ్రామాల రైతు ఇళ్ళ చట్రం కొలతలు మాత్రం మన పాఠ్యపుస్తకాలలో కనిపించవు. చెన్నై సమీపంలోని ముట్టుకాడు దక్షిణచిత్రలో ఉత్తరాంధ్ర చుట్టిల్లు, ఇకత్ నేతగాని ఇల్లు ఉన్నాయి. తెలుగు రైతు ఇంటిని చూడడానికి తమిళనాడు వెళ్ళవలసి రావడం ఆలోచించదగిన విషయమే.

గాదె, అటక

గాదెను సాధారణంగా ఇంటి లోపలి భాగంలో, వెలుపలి గోడకు ఆనకుండా అమరుస్తారు. నాలుగు మూలల కలప కంబాలు, వాటిలో తీసిన నిలువు గాడులు, ఆ గాడులలో ఒకదానిపై ఒకటి జార్చిన పలకలు. ధాన్యం తగ్గుతున్న కొద్దీ పై నుంచి ఒక్కొక్క పలక తీస్తారు. అడుగు భాగం నేలకు ఆనదు, రాళ్ళ మీదనో దిమ్మల మీదనో ఉంటుంది. తిని కూర్చునేవాడిని గాదె కింది పందికొక్కుతో పోల్చే మన జాతీయం ఈ ఖాళీలో నుంచి పుట్టినదే. ఆంగ్ల రైతు గొడుగు రాయితో ఆపిన శత్రువును మన రైతు అడుగు ఖాళీగా ఉంచి, పిల్లిని తిరగనిచ్చి, రోజూ ఊడ్చి ఎదుర్కొన్నాడు. ఇది పూర్తిగా ఫలించిన ఉపాయం అని చెప్పలేము. జాతీయమే అందుకు సాక్ష్యం.

ధాన్యం బరువు గాదెలో ఎలా పనిచేస్తుందో విద్యార్థులు గ్రహించాలి. నీటి తొట్టిలో లోతు పెరిగిన కొద్దీ పక్క గోడ మీద ఒత్తిడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ధాన్యంలో అలా జరగదు. గింజకు, గోడకు మధ్య ఉండే ఘర్షణ వలన బరువులో కొంత భాగం గోడలకే చేరుతుందని జర్మన్ ఇంజనీరు జాన్సెన్ 1895లో సూత్రీకరించాడు. కనుక గాదె పలకలు మరీ మందంగా ఉండనక్కర లేదు, కంబాలు మాత్రం బలంగా ఉండాలి. వడ్రంగి ఈ సూత్రం చదవలేదు. అయినా అతడు కంబానికి టేకు, పలకకు తేలికపాటి కలప ఎంచుకోవడం వెనుక తరాల అనుభవం ఉన్నది.

తేమ విషయం ఇంకా ముఖ్యమైనది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం ఉన్నప్పుడు వడ్లు సుమారు 14 శాతం తేమ వద్ద నిలకడకు వస్తాయి. వర్షకాలంలో డెల్టా గాలి అంతకంటే తడిగా ఉంటుంది. గోడకు ఆనించిన బస్తా ఆ తేమను నేరుగా పీల్చుకొని బూజు పడుతుంది, బియ్యపు ముక్కపురుగుకు, వడ్ల చిలుకకు అనువైన చోటు అవుతుంది. ఇనుప గాదెలో పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లని రేకుకు తగిలి నీటి బిందువులుగా మారవచ్చు. కలప పలక తేమను కొంత పీల్చుకొని, మళ్ళీ వదులుతుంది గనుక ఈ ప్రమాదం తక్కువ. మండువా గుండా వేడి గాలి పైకి పోతూ ఉండడం వలన గాదె చుట్టూ గాలి కదలిక ఉంటుంది. గాదెలో పోయడానికి ముందు గింజ కొరికి చూచేవారు. పటుక్కుమంటే పోయవచ్చు, నలిగితే మళ్ళీ ఎండకు. వేపాకు, వావిలాకు పొరలు అదనపు రక్షణ.

అటక సంగతి వేరు. విత్తనం వడ్లు, ఎండుమిర్చి, బెల్లం, కొత్త కుండలు, వ్యవసాయ పనిముట్లు అక్కడికి చేరుతాయి. 75 కిలోల బస్తాలు నలభై ఎక్కిస్తే మూడు టన్నుల బరువు. మనుషులు మాత్రమే ఉండే ఇంటికి అంత లావు దూలాలు అక్కరలేదు. వంటింటి పొగ అటక గుండా పోయే ఇళ్ళలో విత్తనానికి పురుగు పట్టడం తగ్గేది. ఆ పొగ పీల్చినది వంటింటిలోని స్త్రీలు అన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

మిద్దె మీది చౌడు

వాన తక్కువైన రాయలసీమలో చట్రం మరొక రూపం తీసుకున్నది. పెంకుల వాలుకు బదులు చదునైన మట్టి మిద్దె. గోడ వెంట లోపలి వైపున నిలిపిన కలప స్తంభాలు దూలాలను, దూలాలు దంతెలను మోస్తాయి. వాటిపై బండలో, కట్టెలో, రెల్లో పరచి, మట్టి దిమ్మిస చేసి, చివర చౌడు మట్టి పోస్తారు. పంటకు పనికిరాని నేల ఇంటి కప్పుకు ఎందుకు పనికివచ్చినది? చౌడు నేలలో మార్పిడి సోడియం 15 శాతానికి మించి ఉంటుంది. సోడియం బంకమట్టి రేణువులను విడగొడుతుంది. విడిపోయిన సన్నని రేణువులు రంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు ఇంకదు. పొలంలో మొక్క వేరుకు ఊపిరాడకుండా చేసిన గుణమే మిద్దె మీద వాన నీటిని లోపలికి దిగనివ్వదు. జిప్సం చల్లి బాగుచేసిన చౌడు పైరుకు మేలు, మిద్దెకు చేటు. నేల రసాయన శాస్త్రం బోధించేవారు ఈ ఉదాహరణ వాడుకుంటే విద్యార్థి మరచిపోడు.

తెలంగాణలో మండువా వంటి నడి వాకిలి గల ఇంటిని భవంతి అంటారు. అక్కడి కొలతలు, కలప రకాలు ప్రత్యేక అధ్యయనానికి తగినవి.

ఇల్లు ఎవరిది

ఈ ఇళ్ళను గురించి వ్రాసేటప్పుడు కాస్త మైమరపు రావడం సహజం. సినిమాకు అది తగును, మనకు తగదు. గాదె నింపిన ధాన్యాన్ని పండించిన కౌలు రైతు, పాలేరు, కూలీ తాటాకు పాకలలో నివసించారు. వారిలో అనేకులకు కులం కారణంగా అరుగు దాటి లోపలికి ప్రవేశం లేదు. మండువా కొలత ఎంత విశాలమో, ఊరి భూమి పంపకం అంత అసమానమని చదువుకోవచ్చు.

ఇంటి యజమానులు దీనిని వదులుకోవడానికి కూడా బలమైన కారణాలే ఉన్నాయి. ఏటా వర్షాలకు ముందు పెంకులు తిరగవేయాలి. అది తెలిసిన పనివారు తగ్గిపోయారు. కోతులు ఒక్క పూటలో పగలగొట్టిన పెంకులను నిలబెట్టడానికి వారం పడుతుంది. అన్నదమ్ములు విడిపోయినప్పుడు మండువాను నాలుగు భాగాలు చేయడం ఎవరి వల్లా కాదు. కాంక్రీటు డాబా కట్టుకున్న రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అయితే డాబాతో పాటు పోయినది ఒకటున్నది. కోత యంత్రం నుంచి వచ్చే వడ్లలో తేమ తరచుగా 20 శాతానికి పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. కళ్ళం లేదు, గాదె లేదు. రైతు రోడ్డు మీద ఎండబోస్తాడు, మబ్బు పడితే పరదా కోసం పరుగెడతాడు, వచ్చిన ధరకు అమ్ముతాడు. గాదె ఉన్న రైతు కొన్ని నెలలు ఆగగలిగేవాడు. ఆ ఆగగలిగే శక్తిని తిరిగి ఏ రూపంలో ఇవ్వవచ్చు అన్నది కోత అనంతర సాంకేతికతపై పనిచేసే మన శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న. పాత గాదె కొలతలు ఆ ప్రశ్నకు ముడిసరుకు.

విప్పుడు కలప

విప్పిన ఇంటి స్తంభాలు, ద్వారబంధాలు నగరాలకు చేరుతున్నాయి. జూబ్లీహిల్స్ వంటి ప్రాంతాలలో కొత్త భవనాల వరండాలలో, భోజనశాలల ముంగిళ్ళలో పాత స్తంభాలు అలంకారంగా కనిపిస్తాయి. హైదరాబాదు పరిసరాలలో ఫార్మ్‌హౌస్ అనే మాటకు పొలంతో సంబంధం తెగిపోయి చాలా కాలమైనది కనుక అక్కడ గాదె కంబం లాంతరు స్తంభంగా మారినా ఆశ్చర్యం లేదు. కలప వృథా పోకుండా మరొక ఇంట నిలవడం మంచిదే. నష్టం మరొక చోట ఉన్నది. చెక్కడం పని ఉన్న స్తంభానికి ధర పలుకుతుంది. అటక దూలానికి, వాసానికి అంత ధర రాదు. అవి రంపానికో, పొయ్యికో పోతాయి.

శాస్త్రానికి విలువైనది ఆ దూలమే. టేకులో ఏటేటా ఒక వలయం ఏర్పడుతుంది. వలయం వెడల్పు ఆ సంవత్సరపు రుతుపవనాల తేమను కొంత మేరకు సూచిస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ వంటి చోట్ల టేకు వలయాల ద్వారా గతకాలపు వర్షపాతాన్ని అంచనా వేసే పరిశోధన జరిగినది. ఇంగ్లండులో ఓక్ వలయాలతోనే ఇళ్ళ వయస్సు నిర్ణయిస్తున్నారు. తరిణె పట్టిన గుండ్రని స్తంభంలో వెలుపలి వలయాలు చెక్కుడులో పోతాయి గనుక చెట్టు కొట్టిన సంవత్సరం తేలదు. బెరడు అంచు మిగిలిన మోటు దూలంలో ఆ అవకాశం ఉంటుంది. ఏ ఊరి, ఏ ఇంటి దూలమో తెలియకుండా మార్కెట్టుకు చేరిన తరువాత అది కేవలం కట్టె. గోదావరి వెంట పోలవరం ముంపు గ్రామాలు ఖాళీ అవుతున్న ఈ కాలంలో ఇది వాయిదా వేయదగిన పని కాదు.

2024 ఆగస్టులో గోదావరి గట్టున కుమారదేవంలోని నిద్రగన్నేరు చెట్టు కూలినప్పుడు, అనేక చిత్రాలలో కనిపించిన సినిమా చెట్టు అని పత్రికలు వార్తలు వ్రాశాయి. తెర మీద కనిపించిన చెట్టుకు కనీసం సంతాపం దక్కినది.

విద్యార్థులు చేయగల పని

చివరి సంవత్సరపు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గ్రామంలో నెలల తరబడి ఉంటారు. ఊరి పటం గీస్తారు, పంటల క్యాలెండరు తయారుచేస్తారు. వాటితో పాటు ఊరిలో మిగిలిన ఒక పాత ఇంటి అడుగుపటం గీయడం అదనపు భారం కాబోదు. స్తంభాల నడిమి దూరం, దూలం అడ్డుకొలత, గాదె ఘనపరిమాణం, నేల నుంచి దాని ఎత్తు, తూము వ్యాసం నమోదు చేయాలి. గాదె ఇంకా వాడుకలో ఉంటే తేమమాపకంతో పై పొరలోను, అడుగు పొరలోను నెలకొకసారి తేమ చూడాలి. వడ్రంగి చెప్పే మాటలను ఆయన పలికినట్లే వ్రాసుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా సేకరించినది. విద్యార్థి తన ఊరి మాటలను దానితో పోల్చి చూస్తే అరవై ఏళ్ళలో ఏమి నిలిచినదో, ఏమి పోయినదో తెలుస్తుంది.

ఒక్క చిక్కు ఉన్నది. పెంకులు తిరగవేసే పని వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో, తొలకరికి ముందే ముగుస్తుంది. కప్పు విప్పి, వాసాల తలలు, అతుకులు, కర్రమేకులు కంటికి కనిపించేది ఆ కొద్ది రోజులే. కార్యక్రమం ఖరీఫ్‌తో మొదలవుతుంది కనుక విద్యార్థి ఊరు చేరేసరికి కప్పు మూసుకొని ఉంటుంది. మే నెలలోనే ఒక వారం ముందుగా పంపడానికి కళాశాలలు వీలు చూడాలి. అప్పుడు నిచ్చెన కూడా వేరే వెతుక్కోనక్కర లేదు, పెంకుల పనివారిదే ఆ ఇంటి ముందు నిలబెట్టి ఉంటుంది.